అమృతాంజనం పంతులుగారు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు వినని కుర్రవాళ్లు ఈనాడు మన కళాశాలల్లో చాలామందే ఉన్నారు. అమృతాంజనం వాసన తెలియని ఇల్లు మాత్రం తెలుగుదేశంలో అరుదు. తలనొప్పి వస్తే, పడిశం పడితే, పరీక్షల ముందు రాత్రి కళ్లు మూతలు పడుతుంటే చెయ్యి అప్రయత్నంగా ఆ చిన్న సీసా కోసం వెతుకుతుంది. ఆ సీసాలోంచే ఒక వారపత్రిక, ఒక దినపత్రిక, ఒక సాహిత్య మాసపత్రిక, ఒక గ్రంథమాల, ఒక విజ్ఞాన సర్వస్వం బయటికి వచ్చాయి. పంతులుగారి దేశభక్తిని గురించీ, దానగుణాన్ని గురించీ రాసినవారు ఎందరో. ఆయనకు డబ్బెక్కడిది, అది ఏ జాతి వ్యాపారం, ఆ వ్యాపారానికి ఆనాడు లోకంలో ఎటువంటి పేరుండేది అన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో దేశోద్ధారకుణ్ణి ముందు మందుల వ్యాపారిగా చూడదలచుకున్నాను.

పంతులుగారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు పుట్టారు. చిన్న చదువు సొంత ఊళ్లో, తరువాతి చదువు బందరులో సాగింది. ఆ తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. వీరేశలింగం పంతులుగారు 1874లో ప్రారంభించిన వివేకవర్ధని పత్రికలోని వ్యాసాలు ఆ తరం కుర్రవాళ్ల బుర్రల్లో ఎంత గాలిదుమారం లేపాయో మనకు తెలుసు. ఆ గాలి సోకినవారిలో నాగేశ్వరరావుగారూ ఒకరు. పత్రిక అంటే ఏమిటో, అది మనిషిని ఎలా మారుస్తుందో ఆయనకు చదువుకునే రోజుల్లోనే అనుభవానికి వచ్చింది.

1891లో ఒక తెలుగు పిల్లవాడు డిగ్రీ పుచ్చుకున్నాడంటే అది మామూలు మాట కాదు. కచేరీలో ఉద్యోగం, ప్లీడరీ, లేకపోతే బడిపంతులుగిరీ, ఈ మూడు దారులూ వాకిట్లో నిలబడి పిలుస్తుండేవి. చదువుకున్నవాడు దుకాణం పెట్టడమంటే బంధువులు పెదవి విరిచే రోజులవి. మరి ఈయనకు ఏం తోచిందో గాని, ఆ మూడు దారులూ వదిలేసి వ్యాపారంలోకి దిగారు. మద్రాసులో కొంతకాలం ప్రయత్నించారు. అక్కణ్ణించి కలకత్తా వెళ్లారు. అక్కణ్ణించి బొంబాయి చేరి ఒక కంపెనీ కచేరీలో కొలువు చేశారు. ఎక్కడా ఎవరూ ఎదురు వచ్చి స్వాగతం చెప్పలేదు. ఈ రెండేళ్ల తిరుగుడులో ఆయన మూడు పెద్ద రేవు పట్టణాలను చూశారు. విదేశీ సరుకు ఓడ దిగి పల్లెటూరి సంతదాకా ఎలా ప్రయాణం చేస్తుందో దగ్గరనుంచి గమనించారు. కాలేజీలో నేర్పని చదువు ఇది. 1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనం పేరుతో ఒక నొప్పుల లేపనం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు.

ఆయన దిగిన ఆ మందుల సంత ఎటువంటిదో కాస్త చెప్పుకోవాలి. పేటెంటు మందులు అన్న మాట ఆనాడు వీధివీధినా వినబడేది. నిజానికి వాటిలో చాలావాటికి పేటెంటు అనేదే లేదు. పేటెంటు కావాలంటే ఆ వస్తువు ఎలా తయారవుతుందో సర్కారుకు వివరంగా రాసి ఇవ్వాలి, గడువు తీరాక ఎవరైనా దాన్ని తయారుచేసుకోవచ్చు. ఈ మందుల వాళ్లకు కావలసింది సరిగ్గా దానికి ఎదురు. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదు, పేరు మాత్రం అందరి నోళ్లలో నానాలి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమనే సామెత వీళ్ల వ్యాపారానికి అతికినట్టు సరిపోతుంది. చెట్టును దాచిపెట్టి పేరొక్కటే అమ్మడం వీళ్లు నేర్చిన కొత్త విద్య.

ఇంగ్లండులో థామస్ హాలోవే అనే ఆయన 1837లో ఒక లేపనంతో మొదలుపెట్టి, తరువాత మాత్రలు కలిపి, లోకమంతటా ప్రకటనలు గుప్పించి కోట్లకు పడగలెత్తాడు. ఆ డబ్బుతోనే లండను దగ్గర ఆడపిల్లల కోసం ఒక పెద్ద కళాశాల కట్టించాడు, 1886లో విక్టోరియా రాణి వచ్చి దాన్ని ప్రారంభించింది. ఇక బీచమ్ మాత్రల సంగతి చూడండి. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వారు ఇటువంటి రహస్య మందులను తెప్పించి, పరీక్ష చేయించి, సీక్రెట్ రెమెడీస్ అని ఒక పుస్తకమే వేశారు. బీచమ్ మాత్రల్లో వాళ్లకు కనబడినవి ముసాంబరం, అల్లం, సబ్బు. అంటే విరేచనాల మందు. దానికి సకల రోగ నివారిణి అని పేరు. ఇంకొక వైపు డాక్టర్ కొలిస్ బ్రౌన్ క్లోరోడైన్ ఉండేది. హిందూదేశంలో సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఆయన కలరాకు వాడవచ్చునని కనిపెట్టిన మందు అది. అందులో నల్లమందు సారం, గంజాయి సారం, క్లోరోఫారమ్ ఉండేవి. విరేచనం కట్టేది, నొప్పి తగ్గేది, వాడుకలో పడ్డవాడు దానికే బానిస అయిపోయేవాడు.

ఈ సరుకంతా మన దేశానికి రైలు మీద, తపాలా మీద వచ్చింది. 1877లో వి.పి.పి. పద్ధతి వచ్చాక మందుల కంపెనీల పంట పండింది. బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్న దుకాణానికి పల్లెటూరివాడు కార్డు ముక్క రాస్తే చాలు, తపాలా బంట్రోతు సీసా తెచ్చి ఇచ్చి డబ్బు పుచ్చుకుపోతాడు. ముఖం చూడనక్కర లేదు, రోగం ఏదో నలుగురిలో చెప్పుకోనక్కర లేదు. పత్రికలో, పంచాంగంలో, క్యాలెండరులో ప్రకటన వేస్తే అదే వైద్యుడు, అదే దుకాణం. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరు జిల్లా కేంద్రం దాటితే దొరకని కాలం. కలరా, మలేరియా, మశూచికం ఇంటి చుట్టూ తిరుగుతుండేవి. 1896లో బొంబాయిలోనే ప్లేగు విరుచుకుపడింది. జనం ఊరు వదిలి పరుగులు తీశారు. అటువంటప్పుడు భయమే అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే సరుకు. ఆ కాలపు పత్రికలు తిరగేస్తే నరాల బలహీనత నుంచి పాముకాటు దాకా ఒకే సీసాతో నయం చేస్తామన్నవాళ్లు పేజీపేజీకీ కనిపిస్తారు. కింద ఏ జమీందారో, ఏ రిటైరయిన ఉద్యోగో ఇచ్చిన యోగ్యతాపత్రం.

నాగేశ్వరరావుగారు ఈ సంతలోనే దుకాణం పెట్టారు. ఆయన కూడా పేరు అమ్మారు, ప్రకటన వేశారు, తపాలాలో సరుకు పంపారు. పద్ధతులన్నీ అవే. అయితే ఆయన ఎంచుకున్న సరుకు వేరు. లోపలికి తాగే మందు కాదు, మింగే మాత్ర కాదు, పైన రాసుకునే లేపనం. తలనొప్పి, ఒళ్లునొప్పులు, పడిశం వంటి రోజువారీ బాధలకు వాడేది. ఇది చిన్న తేడాగా కనబడుతుంది గాని చాలా పెద్ద తేడా. కలరా తగ్గుతుందని నమ్మి తాగినవాడు తగ్గకపోతే చచ్చిపోతాడు, వచ్చి అడగడానికి ఉండడు. తలనొప్పికి రాసుకున్నవాడికి అయిదు నిమిషాల్లో ఫలితం తెలిసిపోతుంది. ఉపశమనం కలగకపోతే రెండో సీసా కొనడు. అంటే ఈ వ్యాపారంలో కొన్నవాడే న్యాయాధికారి.

ఇటువంటి లేపనాలు ఎలా పనిచేస్తాయో ఇప్పుడు మనకు బాగానే తెలుసు. ఈ జాతి మందుల్లో సాధారణంగా ఉండేవి కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ తైలం వంటివి. వాటిని మైనంలోనో వాసెలీన్ వంటి దానిలోనో కలుపుతారు. చర్మం మీద రాయగానే చురుక్కుమంటుంది, తరువాత చల్లగా ఉంటుంది. ఈ చురుకు ముందు లోపలి నొప్పి వెనక్కి తగ్గినట్టనిపిస్తుంది. చల్లదనాన్ని పసిగట్టే నాడీ గ్రాహకం ఒకటుందనీ, పిప్పరమెంటు పువ్వు దాన్నే తట్టి లేపుతుందనీ 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ విడివిడిగా కనిపెట్టారు. స్పర్శ, ఉష్ణోగ్రత గ్రాహకాల మీద చేసిన పనికి వాళ్లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ముసలమ్మలకు ఈ గొడవ తెలియకపోయినా శొంఠి గంధం అరగదీసి నుదుట పట్టు వేస్తే తలనొప్పి సర్దుకుంటుందని తెలుసు. పంతులుగారి లేపనం ఆ పట్టుకు దగ్గరి చుట్టం. రోగాన్ని కుదర్చదు, బాధను ఓర్చుకోగలిగేలా చేస్తుంది. నేను దాన్ని అంతకు మించి పొగడను. అంతకు తగ్గించనూ తగ్గించను.

పేరు పెట్టడంలో కూడా ఆయన నేర్పు కనిపిస్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లకు ఒక గుడ్డి నమ్మకం. దొర పేరుంటేనే మందు. లిటిల్స్ ఓరియంటల్ బామ్ వంటి ఇంగ్లీషు పేర్ల లేపనాలు చెలామణి అయిన కాలంలో ఈయన అమృతం, అంజనం అనే రెండు మాటలు కలిపి, తెలుగువాడికీ, మరాఠీవాడికీ, బెంగాలీకీ, తమిళుడికీ ఒకేలా అర్థమయ్యే పేరు పెట్టారు. దేశమంతటా నోరు తిరిగే పేరు అది. మొదట్లో సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచిపెట్టేవారని చెప్పుకుంటారు. గంటల తరబడి కూర్చుని తల బరువెక్కినవాడి చేతిలో సీసా పెడితే అంతకన్నా మంచి ప్రకటన ఏముంటుంది! లేపనం నిలిచింది, డబ్బు వచ్చింది. కొద్ది ఏళ్లలోనే పంతులుగారు లక్షాధికారి అయ్యారు.

లక్షాధికారులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. అక్కడితో కథ ఆగిపోతే ఈ సంచికలో ఆయనకు చోటు అడగవలసిన పని లేదు. 1907లో సూరత్ కాంగ్రెసుకు పంతులుగారు వెళ్లారు. మితవాదులూ అతివాదులూ చీలిపోయిన మహాసభ అది. బొంబాయిలో తిలక్ మహాశయుడి మరాఠీ పత్రిక కేసరి ప్రజల్ని ఎలా కదిలిస్తోందో ఆయన రోజూ చూస్తున్నదే. తెలుగువాళ్లకు అటువంటి నోరు లేదన్న దిగులు ఆయనకు పట్టుకుంది. మరుసటి ఏడు, 1908లో, ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలోనే మొదలుపెట్టారు. ఆలోచించండి, తెలుగు పత్రికకు పుట్టినిల్లు బొంబాయి! అక్కడి మిల్లుల్లో, కట్టడపు పనుల్లో పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. మిగతా ప్రతులు తపాలాలో సర్కారు జిల్లాలకు వచ్చేవి. సీసాలు వచ్చిన దారినే పత్రికా వచ్చింది. ఏడాదికొకసారి ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచికల కోసం చదువుకున్న ఇళ్లు ఎదురుచూసేవి.

1914లో పత్రిక మద్రాసుకు మారి, ఏప్రిల్ 1న దినపత్రిక అయింది. నాలుగు నెలలు తిరగకుండానే ఐరోపాలో యుద్ధం అంటుకుంది. యుద్ధవార్తలు ఏ రోజుకారోజు తెలుగులో చదవాలన్న ఆత్రుత జనంలో పుట్టింది. వ్యాపారం కూడా మద్రాసులో స్థిరపడింది.

ఇక్కడ కాస్త ఆగి పత్రిక జమాఖర్చు చూడాలి. పత్రిక అమ్మిన డబ్బుతో కాగితం ఖర్చు గిట్టడమే కష్టం. మిగతా అంతా ప్రకటనల మీద రావాలి. ఆనాడు పెద్ద ప్రకటనలిచ్చేవాళ్లెవరు? విదేశీ కంపెనీలు, సర్కారు. ఇద్దరికీ నచ్చకుండా రాసే పత్రికకు ఇద్దరూ ముఖం చాటేస్తారు. దానికి తోడు 1910 ప్రెస్ చట్టం. సర్కారుకు కోపం వస్తే ధరావతు కట్టమంటుంది, ఇంకా కోపం వస్తే ఆ ధరావతు జప్తు చేస్తుంది. ఎన్నో దేశీయ పత్రికలు ఈ దెబ్బకే మూతబడ్డాయి. ఆంధ్రపత్రిక నిలబడడానికి సంపాదకుల కలం బలం ఒక కారణమైతే, వెనక ఉన్న లేపనపు సీసా ఇంకొక కారణం. ఇంట్లోనే ప్రకటనదారు ఉన్న పత్రిక అది. సర్కారు ప్రకటన ఇవ్వకపోయినా, దొర కంపెనీ మొహం తిప్పుకున్నా, పంతులుగారి పెట్టె తెరిచే ఉండేది. ఏ ఊళ్లో ఎవరికి తలనొప్పి వచ్చినా అది ఒక చిన్న చందాగా పత్రికకు చేరేది.

దీన్ని ఎదురు నుంచి చూసేవాళ్లూ ఉంటారు. పత్రిక పెట్టింది మందు అమ్ముకోవడానికే కదా అంటారు. ఇటువంటి జోడీ లోకంలో ఇంకొకటి ఉంది. టైగర్ బామ్ కథ మన రంగూనులో మొదలైంది. మన రంగూను అని ఎందుకంటున్నానంటే, ఆనాడు రేవులోనూ మిల్లుల్లోనూ తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఊరది. ఆ ఊళ్లో ఒక చీనా వైద్యుడు పెట్టిన దుకాణాన్ని కొడుకులు పెంచి సింగపూరుకు మార్చారు. వారిలో పెద్దవాడు ఔ బూన్ హా 1929లో సింగపూరులో సిన్ చ్యూ జిట్ పో అనే దినపత్రిక పెట్టాడు. తన లేపనానికి ప్రకటనల ఖర్చు కలిసివస్తుందన్నది అందులో ఒక లెక్క. అక్కడ మందు కోసం పత్రిక పుట్టింది. పంతులుగారి విషయంలో ఆ లెక్క కుదరదు. అమృతాంజనం 15 ఏళ్లు పత్రిక లేకుండానే బ్రతికింది, దేశమంతటా అమ్ముడుపోయింది. తమిళుడూ మరాఠీవాడూ కొనే సరుకుకు తెలుగు పత్రిక ఒక్కటే ప్రచారమా? పైగా జైలుకు పోవలసిన రాజకీయాలు నడిపే పత్రిక ఏ వ్యాపారికి లాభం? సర్కారుతో సఖ్యంగా ఉంటే అమ్మకం ఇంకా సులువుగా సాగేది. కనుక ఇక్కడ పత్రిక కోసమే మందు పనిచేసిందని నేను నమ్ముతున్నాను.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. గాంధీజీ తన యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికల్లో ప్రకటనలే వెయ్యలేదు. ప్రకటనల మీద బ్రతికే పత్రిక ప్రకటనదారుకు లొంగుతుందని, అబద్ధపు మందుల ప్రకటనలు ప్రజల్ని దోచుకుంటాయని ఆయన పట్టుదల. పంతులుగారు గాంధీజీ అనుయాయి. మరి అనుయాయి పత్రికే ఒక మందు డబ్బుతో నడుస్తోంది! మందుల ప్రకటనల మీద బ్రతికే పత్రికారంగం, ఆ మందుల్లో ఏది అసలు, ఏది దగా అని ప్రజలకు విడమరచి చెప్పగలదా? ఆ కాలపు మన పత్రికలు ఆ పని చెయ్యలేదు. 1930లో ప్రభుత్వం కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన మందుల విచారణ సంఘం వేసి, 1931లో నివేదిక తెప్పించుకునేదాకా ఈ కల్తీల సంగతి గట్టిగా పట్టించుకున్న నాథుడు లేడు. ఆ నివేదిక మీద డ్రగ్స్ యాక్ట్ రావడానికి 1940 దాకా పట్టింది. అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం స్వతంత్రం వచ్చాక 1954లో గాని రాలేదు. అప్పటిదాకా ఎంతమంది అమాయకులు ఎంత డబ్బు, ఎంత ఆరోగ్యం పోగొట్టుకున్నారో లెక్క కట్టలేము. పత్రికలన్నీ మౌనంగా ఉన్న ఆ పాపంలో దేశీయ పత్రికలకూ పాలు ఉందని ఒప్పుకోక తప్పదు.

పంతులుగారిని నేను రెండు గీటురాళ్ల మీద గీసి చూస్తాను. మొదటిది, అమ్మిన సరుకు చెప్పిన పని చేసిందా లేదా. చట్టాలు వచ్చాక పేటెంటు మందులు ఎన్నో అడ్రసు లేకుండా పోయాయి. అమృతాంజనం ఆ చట్టాల కింద కూడా నిలబడింది. రెండవది, వచ్చిన డబ్బు ఏమైంది. దీనికి జవాబు మన గ్రంథాలయాల బీరువాల్లో ఉంది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. శాసనాలు, చరిత్ర, భాషాశాస్త్రం, కవిత్వం, కథ, విమర్శ అన్నిటికీ అది పెద్ద అరుగు అయింది. భారతిలో అచ్చయితే రచయిత అయినట్టే లెక్క అని కొన్ని తరాలు నమ్మాయి. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఆ మాలలో వచ్చిందే. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలకెత్తుకున్న విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో అర్ధంతరంగా ఆగిపోతే, పంతులుగారు ఆ బరువు తన భుజానికి ఎత్తుకొని సంపుటాలు వెలువరించారు. ఇవేవీ లాభం వచ్చే పనులు కావు. లాభం తినే పనులు.

మందు సీసా తెలుగు పత్రికకు పాలు పోయడం ఈయన ఒక్కరితోనే ఆగలేదు. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారు స్త్రీల కోసం లోధ్ర అనే మందు అమ్మి, ఆ డబ్బుతో 1928లో గృహలక్ష్మి పత్రిక నడిపారు. రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగి గౌరవించారు, తెలుగు పిల్లలకు బడి పెట్టారు. మన పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకుల పేర్లతో పాటు ఈ సీసాల పేర్లు కూడా రాయాలి. కలం ఒక్కటే పత్రికను నడపదు. ఎవరో ఒకరు సిరా కొనాలి.

పంతులుగారు సిరా కొని ఊరుకున్నవారు కారు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘానికి సంవత్సరాల తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో, అరవై దాటిన వయసులో, జైలుకు వెళ్లారు. అక్కడ కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. ఖద్దరుకు, గ్రంథాలయాలకు, బీద విద్యార్థులకు ఆయన చెయ్యి ఎప్పుడూ ముందుకే సాగేది. అందుకే జనం విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.

మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంట్లోనే కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఆంధ్రరాష్ట్రం వస్తే సీమకు అన్యాయం జరుగుతుందన్న భయం పోగొట్టడానికి విశ్వవిద్యాలయం, సాగునీళ్లు, శాసనసభ స్థానాలు, రాజధాని, హైకోర్టు వంటి విషయాల మీద ఒప్పుకున్న షరతులవి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లడం వెనక ఆ శ్రీబాగ్ కాగితం ఉంది. ఆ కాగితంలోని మిగతా మాటల మీద ఈనాటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కన్నుమూశారు. తాను కోరిన రాష్ట్రాన్ని ఆయన చూడలేదు.

ఆయన తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికలనూ కంపెనీనీ చేపట్టి గౌరవంగా నడిపారు. ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం కంపెనీ నేటికీ నడుస్తోంది. మద్రాసు మైలాపూరులో పంతులుగారి పేరిట ఉన్న పార్కులో ఉదయం పూట జనం తిరుగుతుంటారు. పత్రికను నిలబెట్టిన సరుకు మిగిలింది, ఆ సరుకు నిలబెట్టిన పత్రిక మిగలలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. సరుకుకు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పత్రికకు మాత్రం కొనేవాళ్లతో పాటు నష్టం భరించే యజమాని ఒకడు కావాలి. అటువంటి యజమాని తరతరానికీ పుట్టడు.

మన కళాశాలనుంచి ఏటేటా డిగ్రీలు పుచ్చుకుని వెళ్లే విద్యార్థుల్లో అందరికీ సర్కారు ఉద్యోగాలు దొరకవు. కొందరు వ్యాపారంలోకి దిగుతారు, కొందరు మందుల కంపెనీల్లోనే చేరతారు, కొందరు ప్రకటనలు రాసి బ్రతుకుతారు. భయాన్ని అమ్మే సరుకు ఈనాడూ ఉంది. పేజీ మీదనుంచి తెర మీదికి మారిందంతే. మిత్రులకు నేను పంతులుగారి జీవితంలోనుంచి ఇచ్చే సలహా పెద్దదేమీ కాదు. తీర్చగలిగిన బాధకే మందు అమ్మండి, తీర్చలేనిదానికి ఆశ పెట్టకండి. నాలుగు డబ్బులు మిగిలిన రోజున మన భాషలో ఎవరూ నడపలేక వదిలేసిన పని ఒకటి వెతికి చేతికెత్తుకోండి. పంతులుగారు ఎత్తుకున్న విజ్ఞాన సర్వస్వం వంటివి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.